కారిగర్లు కావాలి

భివండిలో మగ్గాల గాలా తలుపుకు నల్ల రేకు వేలాడితే ఆ ఇంటి పని అయిపోయినట్టేనని మా నాన్న అనేవారు. గాలా అంటే మాకు మగ్గాలు నడిచే షెడ్డు. రేకు అంటే నలుపు రంగు పూసిన మూరెడు తగరం ముక్క. దాని మీద సుద్దతో ‘కారిగర్లు కావాలి’ అని రాసి తలుపు పక్క మేకుకు తగిలిస్తారు. కారిగర్లంటే మగ్గాలు నడిపేవాళ్లు. మనుషులు తక్కువైన సేఠులందరూ చేసే పనే అది. మా నాన్న చేయలేదు. పనివాళ్లు మనల్ని విడిచిపోయారని వీధికి మనమే చెప్పుకోవడం ఏమిటన్నది ఆయన వాదన.

మా తాత కరీంనగర్ దిక్కు నుంచి ఒక్క సంచితో వచ్చి, ముందు ఇతరుల మగ్గాల మీద నిలబడి, చివరికి పద్మనగర్‌లో సొంత గాలా కట్టాడు. మా నాన్న కాలానికి అందులో అరవై నాలుగు మగ్గాలు నడిచేవి. మా ఇంటిపేరు చెబితే రిక్షావాడు దారి అడిగేవాడు కాదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్నమాట రాస్తున్నాను.

ఊరి బయట మాన్కోలి, పూర్ణ వైపు గోదాములు లేచాక మగ్గం మనుషులు ఒక్కొక్కరే అటు మళ్లారు. అక్కడ చెవులు దిబ్బడలు వేసే చప్పుడు లేదు, ముక్కులోకి పోయే దూది లేదు. మా గాలాలో మగ్గాలు ఆగడం మొదలైంది. అప్పుడు నాన్న ఒక పని చేశారు. మిగిలిన మనుషులను వీధి వైపు మగ్గాలకు జరిపి, వెనక వరసల్లో ఆగిన మగ్గాల మీద తెల్లబట్ట కప్పించారు. వీధిన పోయేవాళ్లకు చప్పుడు ఎప్పటిలాగే వినిపించేది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఎంత తెలివైన ఏర్పాటు అనుకున్నాను. నాలుగేళ్లకు ఆ మగ్గాలన్నీ తుక్కు కింద పోయాయి. గాలాకు తాళం పడింది, చివరికి అది కూడా అప్పుల కింద పోయింది. ఆ తర్వాత ఎవరెవరో సామాను దాచుకోవడానికి అద్దెకు తీసుకుంటూ వచ్చారు.

నేను మాన్కోలిలో ఒక గోదాములో సూపర్‌వైజర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. ఇస్త్రీ చొక్కా లేకుండా ఏనాడూ పోలేదు. నిరుడు ఆ గోదాము మరో చోటికి తరలింది. నన్ను తరలించలేదు. యాభై దాటినవాడు పని అడగడానికి పోతే కుర్చీ చూపిస్తారు, నీళ్లిస్తారు, పని మాత్రం ఇవ్వరు. నాలుగు నెలలు అలా గడిచాయి.

ఒకరోజు షేర్ రిక్షాలో టెంఘర్ మీదుగా వస్తుంటే ఒక గాలా తలుపుకు రేకు కనిపించింది. ఆ గాలా నడిపే ఆడమనిషి ఎవరో నాకు తెలుసు. ఆమె తల్లి మా గాలాలో కండెలు చుట్టేది. కండెలంటే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే దారపు చుట్టలు. చిన్నప్పుడు ఈమె సాయంత్రం బడి అయ్యాక వచ్చి తల్లి పక్కన కూర్చుని కండెలు బుట్టలోకి పేర్చేది. అలాంటి ఆమెకు టెంఘర్‌లో ఇప్పుడు మూడు గాలాలు ఉన్నాయని విన్నాను, నమ్మలేదు. రేకు చూడగానే, ఆమె పని కూడా మా నాన్న పనిలాగే అయిందన్నమాట అనుకున్నాను. పలకరించి రావడం మర్యాద అని నాకు నేను చెప్పుకుని రిక్షా దిగాను. నిజానికి పని అడగాలనే దిగాను.

దగ్గరికి పోయి రేకు చదివాను. తెలుగులో, హిందీలో రాసి ఉంది. ‘కారిగర్లు కావాలి. లోపల వేడి చాలా. మధ్యాహ్నం కరెంటు పోతది. సండాస్ ఒక్కటే. దారం మంచిది, ఊకె తెగదు. పగార్ ఏడో తారీఖు. నమ్మకం లేకుంటే లోపలికొచ్చి పనిచేసేటోళ్లను అడుగుండ్రి. అడిగినంతసేపు నేను బయటికి పోత.’

వేడి నుంచి మరుగుదొడ్డి దాకా తన గాలా చెడ్డతనమంతా తనే తలుపుకు తగిలించుకున్న సేఠును నేను చూడలేదు. లోపలికి తొంగి చూశాను. ఒక్క మగ్గం కూడా ఆగి లేదు. ప్రతి నాలుగు మగ్గాలకూ ఒక మనిషి ఉన్నాడు.

ఆమె లోపలి నుంచి వచ్చింది. జుట్టు నిండా దూది.

“ఏంది చిన్న సేటూ, గట్ల నిలబడ్డరు? రేకు చదివిండ్రా?”

ఆమెను ఏమని పిలవాలో తెలియక నేను ఏమనీ పిలవలేదు. “గాలా నిండ మనుషులున్నరు గదా. మరి రేకెందుకు?” అన్నాను.

“ఇయ్యాల అక్కర లేదు.”

“అక్కర లేనప్పుడు పెడ్తే జనం ఏమనుకుంటరు?”

“ఏమన్న అనుకోనియ్యుండ్రి. పోయేటోడు ఆర్నెల్ల ముందు చెప్పి పోతడా సేటూ? అక్క పెండ్లి అంటడు, నాట్లు అంటడు, తెల్లారి ఉండడు. వాడు పోయినంక ఎతికితే, దొరికినోడే మంచోడు అనుకోవాల్సొస్తది. నేను ఎవ్వరు పోకముందే సూసి పెట్టుకుంట. ఈ రేకు ఏడేండ్ల సంది దిగలే.”

లోపల ఒక చిన్న గది ఉంది. బల్ల మీంచి ఒక పొడుగాటి బుక్కు తీసి నా ముందు పెట్టింది. రేకు చదివి లోపలికి వచ్చిన ప్రతి మనిషి గురించీ అందులో ఒక వరస ఉంది. కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి. ‘చెయ్యి మెల్లగ, కని బట్ట సాఫ్.’ ‘దారం తెగితే మగ్గాన్ని తిడతడు.’ ‘అత్తగారిల్లు షోలాపూర్, మేలో ఉండడు.’ ‘మస్తు నవ్విస్తడు, ఉక్కపోత పాళీకి పనికొస్తడు.’ పేజీలు తిప్పుతూ ఉండిపోయాను. ఎండాకాలం పాళీలో, అంటే షిఫ్టులో, ఒక నవ్వించే మనిషి ఉండాలని లెక్కలోకి తీసుకున్న ఆ బుర్రకు లోపలే దండం పెట్టుకున్నాను. మా ఇంట్లో మూడు తరాల్లో ఎవరికీ రాని ఆలోచన అది. మేము మనిషిని అడిగే ప్రశ్న ఒక్కటే ఉండేది: ఎవరింటోడివి?

నేను నోరు తెరవకముందే ఆమె అంది: “మీ గాలా నేను తీసుకున్న, సేటూ.”

నాకు వెంటనే అర్థం కాలేదు.

“పద్మనగర్ది. మీదే. నలభై ఎనిమిది మగ్గాలు ఎక్కిస్తున్న. మొదలు పగటి పాళీ ఒక్కటే. పన్నెండుమంది కారిగర్లు కావాలె. వచ్చే సోమవారం కాదు, ఆ పై సోమవారం పడుగు చుట్టిన బీములు వస్తయ్. ఆనాడే నడవాలె, లేకుంటే ఆర్డర్ ఇంకోనికి పోతది.”

“మంచిది,” అన్నాను.

“ఆ గాలాను ఎవరు నడిపిస్తరా అని సూస్తున్న. పని కోసం వచ్చిండ్రని మీరు చెప్పకున్న తెలుస్తున్నది. పన్నెండుమందిని తేండ్రి. తెస్తే గాలా మీ చేతికిస్త. తేకపోతే మీ తొవ్వ మీది, నా తొవ్వ నాది. మొకమాటం లేదు.”

“ఈ బుక్కుల ఇంతమంది ఉన్నరు…”

“వాళ్లు ఈ మూడు గాలాలకు. మనుషులను తేలేనోడు మనుషులను నడుపలేడు సేటూ. మీరే తేవాలె.”

ఇంటికి నడిచే వచ్చాను. కోపం రావలసింది, రాలేదు. ఆ పదిహేను నిమిషాల్లో ఆమె నాతో ఒక్క అబద్ధం కూడా చెప్పలేదన్న సంగతి దారి పొడవునా తొలుస్తూనే ఉంది.

నాకు తొమ్మిది రోజులు ఉన్నాయి. నాకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టాను. నాన్న దగ్గర పనిచేసిన పాత కారిగర్ల ఇళ్లకు పోయాను. మా పేరు చెబితే వస్తారని నా ధీమా. చాయ్‌లు మాత్రం బాగా దొరికాయి. ఐదు రోజులకు ఇద్దరు ఒప్పుకున్నారు.

ఐదో రోజు పూర్ణలో ఒకరింటికి పోయాను. మా గాలాలో పదిహేనేళ్లు మగ్గం నడిపిన మనిషి. ఇప్పుడు గోదాము దగ్గర కావలి ఉంటున్నాడు. నన్ను చూసి ఆయన భార్య కొంగుతో కుర్చీ తుడిచింది.

“ఇగో, సేటొచ్చిండు! మా ఇంటికి తొవ్వ ఇరవై ఏండ్లకు దొరికిందా సేటూ? తప్పిపోయి రాలేదు గదా?”

“ఊకోవే,” అన్నాడాయన. “చాయ్ పెట్టు.”

నేను వచ్చిన పని చెప్పాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“నా మోకాళ్లు పోయినయ్ సేటూ, నేను రాను. కని ఒక్కమాట అడుగుత. మా తమ్ముడు యాదికున్నడా?”

లేడన్నాను.

“ఎట్లుంటడు, మీ గాలాల పనిచెయ్యలే గదా. వాడు ఊర్కెల్లి కొత్తగ వచ్చిండు. గసుంటి చెయ్యి నేను మల్ల సూడలే. మీ నాయిన దగ్గరికి తోలుకవచ్చిన. మనుషులు కావాల్నా సేటూ అని అడిగిన. మనకేం తక్కువ అన్నడు. అప్పటికి ఎనక ఇరవై మగ్గాలు బట్ట కప్పుకొని పన్నయ్.”

“ఆ బట్ట కింద మగ్గాలు ఆగినయని మీకు తెలుసా?” అని అడిగాను.

ఆయన భార్య లోపలి నుంచి పకపకా నవ్వింది. “గాలాల పనిచేసేటోళ్లకు ఏ మగ్గం ఆగిందో తెల్వదా సేటూ? మా ఆయిన ఇంటికొచ్చి లెక్క చెప్పేటోడు, ఇయ్యాల ఇంకోటి పన్నది అని.”

“నువ్వు నోరు మూస్తవా?” అని ఆయన నా వైపు తిరిగాడు. “మేం ఎవ్వలకు చెప్పలే. బజార్ల ఎవరన్న అడిగితే, మా సేటువన్ని నడుస్తున్నయ్ అనే చెప్పినం. పెద్దమనిషి మనసు నొచ్చుకుంటదని.”

పూర్ణ నుంచి పద్మనగర్ దాకా బస్సులో నిలబడే వచ్చాను. మా నాన్న ఆ బట్టలు వీధి కోసం కప్పారు. వీధికి అబద్ధం చెప్పింది మాత్రం ఆ బట్ట వెనక ఏముందో తెలిసిన మనుషులు. అడిగి ఉంటే వాళ్లే తమ్ముళ్లను, బావమరుదులను తెచ్చి మగ్గాలన్నీ నింపేవారు. గోదాములు మమ్మల్ని ముంచాయని ఇన్నేళ్లూ అందరికీ చెప్పాను. ఆరోజు నుంచి ఆ మాట అనడం మానేశాను.

మరుసటి రోజు పొద్దున్నే టెంఘర్ పోయి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను.

“ఐదు రోజులకు ఇద్దరా?” అంది. “రేకు ఏడ పెట్టిండ్రు?”

“పెట్టలే.”

ఆమె నన్ను ఎగతాళి చేయలేదు. గోడ వెనక నుంచి ఒక రేకు, సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. “చెడ్డయి ముందు రాయుండ్రి, మంచియి ఎన్క. మంచి చూసి వచ్చినోడు చెడ్డ చూసి పోతడు. చెడ్డ చదివి వచ్చినోడు ఉంటడు. ఇంకోటి. వచ్చినోన్ని ఎవరింటోడివి అని అడగకుండ్రి. ఇంతకుముందు పనిచేసిన గాలా ఎట్లుండె అని అడుగుండ్రి. ఒక్క మంచిమాట కూడ రానోడు మనకొద్దు. అన్ని మంచియే చెప్పేటోడు కూడ వద్దు, వాడు మన ముంగట కూడ గట్లనే చెప్తడు, మనకు సంగతి తెల్వదు.”

పద్మనగర్‌లో మా పాత గాలా ముందు నిలబడి రేకు రాయడానికి నాకు గంట పట్టింది. ఆ గాలా లోపాలు నాకంటే తెలిసినవాళ్లు ఎవరూ లేరు. వానాకాలం వెనక మూలన నీళ్లు వస్తాయి. మధ్యాహ్నం పడమటి గోడ పెనంలా కాగుతుంది. మెట్టు ఎత్తు, బీము మోసుకొచ్చేటప్పుడు చూసుకోవాలి. అన్నీ రాశాను. కింద మంచి రాశాను: గాలి బాగా వస్తుంది, బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి. మేకు కొడుతుంటే ఎదుటి చాయ్ దుకాణం మనిషి కెటిల్ దించి వచ్చాడు.

“సేటూ, మీ తలుపుకు రేకు! నా కండ్లు మంచిగనే ఉన్నయా?”

“మంచిగనే ఉన్నయ్,” అన్నాను. “చాయ్ తాగేటోళ్లకు చెప్పు, మనుషులు కావాలని.”

ఆ మాట అనడానికి మా ఇంట్లో మూడు తరాలు పట్టింది.

ఆరోజే ముగ్గురు వచ్చారు. రేకు చదివి, మెట్టు ఎత్తు కాలితో కొలిచి, లోపలికి పోయి వెనక మూల చూసి వచ్చి మాట్లాడారు. మర్నాడు నలుగురు. వాళ్లలో ఒకతను గోదాములో మూడేళ్లు మూటలు మోసి మళ్లీ మగ్గానికి రావాలనుకున్న మనిషి. “ఆదివారం నాకు చర్చి ఉంటది, రాను,” అని ముందే చెప్పాడు. తర్వాత చేతులు కట్టుకుని అన్నాడు: “టెంఘర్ గాలాల కొత్తగ వచ్చినోడు పాతోళ్లను అడుగుతడట గదా. ఈడ పాతోళ్లు లేరు. మిమ్ములనే అడుగుత.”

“అడుగు.”

“ఈ గాలా ఇంతకుముందు ఎవనిదో పెద్ద సేటుది అంటరు. వాడెందుకు మునిగిండు?”

అతనికి నేనెవరో తెలియదు. గోదాముల సంగతి చెప్పి ఊరుకోవచ్చు. “మనుషులు కావాలని ఎవ్వరినీ అడగలే,” అన్నాను. “ఆ సేటు మా నాయిన.”

అతను గతుక్కుమన్నాడు. చర్చి మనిషి కదా, క్షమించమని రెండుసార్లు అన్నాడు. ఆ తర్వాత కాసేపు ఆలోచించి, “నిజం చెప్పిండ్రు, సోమవారం వస్త,” అన్నాడు. నేను అతని వరస రాసుకున్నాను: ‘ముందు తనే అడుగుతడు.’

శనివారం పొద్దుపోయేసరికి పదకొండుమంది అయ్యారు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండో మనిషి వచ్చాడు. చెయ్యి తిరిగినవాడని చూడగానే తెలిసింది. గాలా అంతా తిరిగి, ఎటువైపు నాలుగు మగ్గాలు కావాలో కూడా చెప్పాడు. నాకు ఊపిరి వచ్చింది. అయినా అడగాలి కాబట్టి అడిగాను: “ఇంతకుముందు గాలా ఎట్లుండె?”

“సేటు మంచోడే. కండెల ఆడోళ్లే…” అని మొదలుపెట్టి, అక్కడ కండెలు చుట్టే ఆడవాళ్ల గురించి ఇక్కడ రాయలేని మాటలు రెండు అన్నాడు. అని, నేను నవ్వుతానని చూశాడు.

అతన్ని పంపేస్తే నా గాలా పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. మళ్లీ మాన్కోలిలో కుర్చీలు, నీళ్ల గ్లాసులు కళ్ల ముందు కనిపించాయి. “నీకు ఈడ పని లేదు,” అన్నాను. అతను పోయేటప్పుడు నా గురించి కూడా ఒక మాట అని పోయాడు.

సాయంత్రం దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. మరెవరూ రాలేదు.

సోమవారం ఏడు గంటలకు బీములు దిగాయి. పడుగు ఎక్కించారు. పదకొండుమందీ తమ తమ మగ్గాల దగ్గర నిలబడ్డారు. ఆమె వచ్చి గాలా మధ్యలో ఆగి, చుట్టూ చూసి, ఖాళీగా ఉన్న నాలుగు మగ్గాల దగ్గర కళ్లు నిలిపింది.

“పన్నెండో మనిషి?”

“నిన్న ఒకడు వచ్చిండు. పంపేసిన.”

“ఎందుకు?”

నేను చెప్పాను. వాడన్న మాటలు అనలేదు, ఎవరి గురించి అన్నాడో చెప్పాను. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. తల్లి పక్కన కూర్చుని బుట్టలో కండెలు పేర్చిన మనిషి ఆమె, అదీ ఈ గాలాలోనే. మాట తప్పానని ఇప్పుడు అంటుంది, నేను చొక్కా సర్దుకుని మెట్టు దిగాలి అనుకుంటూ నిలబడ్డాను.

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. గాజులు పైకి నెట్టుకుంది. ఆ నాలుగు మగ్గాల మధ్యకు పోయి, ఒక్కొక్కదాని మీద చెయ్యి వేసి, నాడెల్లో కండెలు పెట్టి, పిడి లాగింది. ఒకటి నడిచింది, రెండోది నడిచింది. నాలుగూ అందుకున్నాక గాలా అంతటి చప్పుడు ఒక్కటిగా లేచింది. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగినవాణ్ని నేను. మగ్గం మీద చెయ్యి వేసిన సేఠును మాత్రం చూడలేదు. మా నాన్న గాలాలోకి వస్తే ధోవతి అంచు ఎత్తిపట్టుకుని నడిచేవారు. ఈమె ఒక మగ్గంలో తెగిన పోగు ముడేస్తూనే మూడో మగ్గంలో కండె అయిపోతున్నదని చూడకుండానే చెయ్యి చాచి అందుకుంటున్నది. మూడు గాలాల యజమాని ఆమె. నాలుగో గాలాలో కారిగరుగా నిలబడింది. ఆ పనిని చిన్నతనం అనుకున్న జాడ ఆమె ముఖంలో ఎక్కడా లేదు.

“గట్ల సూస్తరేంది?” అని చప్పుడు మీద అరిచింది. “పన్నెండు అన్న, పదకొండుమందిని తెచ్చిండ్రు. పన్నెండోడు వచ్చేదాక నేను నడుపుత. జల్ది తేండ్రి, నాకు టెంఘర్ల పనులున్నయ్!”

పక్క మగ్గాల దగ్గర ఆ చర్చి మనిషి నిలబడి ఉన్నాడు. అతనికి నవ్వు ఆగలేదు. “అక్కా, మరి నీకు పగార్ ఎప్పుడిస్తడు ఈ సేటు?”

“ఏమో తమ్ముడూ, సేటు కొత్తోడు. ఇంక తెల్వదు!”

గాలా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే బయటికి వచ్చి, ఎండలో, రేకు పక్కన, వీధికి ఎదురుగా నిలబడ్డాను.